పొరుగువాని కొలబద్ద

సంస్కృత భారతము ఆదిపర్వమున, ద్రోణాచార్యుడు భీష్మునకు తన పూర్వవృత్తాంతమును చెప్పు ఘట్టమున నొక చిన్న కథ కలదు. భారతమును ఆసాంతము చదివినవారు సైతము యుద్ధపర్వముల కోలాహలములో పడి దీనిని మరచిపోవుట సాధారణము. దరిద్రుడైన ఆ బ్రాహ్మణుని కుమారుడు, పసివాడగు అశ్వత్థామ, ధనికుల పిల్లలు పాలు త్రాగుచుండగా చూచి తనకును పాలు కావలెనని యేడ్చెను. తండ్రి యొక పాడియావును దానముగా బడయవలెనని దేశమంతయు తిరిగి, వట్టిచేతులతో మరలివచ్చెను. ఆలోపల తోడి పిల్లలు పిండి కలిపిన నీళ్ళిచ్చి ఇవియే పాలని నమ్మింపగా, ఆ యమాయకుడు వానిని త్రాగి, తానును పాలు త్రాగితినని సంతోషముతో గంతులు వేసెను. చుట్టును చేరినవారు నవ్విరి. ఇచ్చట గంతులు వేసినవాడు కుమారుడు. గుండె పగిలినవాడు తండ్రి. ఆ పరాభవమును దిగమ్రింగలేకయే ద్రోణుడు బాల్యస్నేహితుడగు ద్రుపదుని యొద్దకు పోయెను. సమానులు కానివారికి స్నేహమెక్కడిదని ద్రుపదుడు త్రోసిపుచ్చెను. ఆ మాట ములుకై నాటుకొనగా ద్రోణుడు కురుకుమారులకు గురువై, శిష్యులచేత ద్రుపదుని పట్టి తెప్పించి సగము రాజ్యమును లాగుకొనెను. ద్రుపదుడు ద్రోణుని చంపగల కొడుకును కోరి యజ్ఞము చేసెను. ఆ యజ్ఞమునుండియే ధృష్టద్యుమ్నుడును ద్రౌపదియు పుట్టిరి. కురుక్షేత్రమునకు కారణములు పెక్కు కలవు గాని, వానిలో నొకదాని మొదలు వెదకికొనుచు పోయినచో ఒక పసివాని పాలగిన్నె యొద్ద తేలుదుము.

పరీక్షాఫలితములు వెలువడు వేసవి దినములలో మన తెలుగు ఇండ్లలో జరుగు తంతును చూచినపుడెల్ల ఈ కథ జ్ఞాపకము వచ్చును. పిల్లవాడు తనకు వచ్చిన మార్కులు చెప్పును. అవి మంచి మార్కులే కావచ్చును. అతడు నవ్వుచునే చెప్పును. తండ్రి తలయూపి, రెండవ మాటగా, "ఏరా, శంకరంగారబ్బాయికి ఎంతొచ్చిందట?" అని యడుగును. ఆ ప్రశ్నతో పిల్లవాని పాలు పిండినీళ్ళయిపోవును. మరునాటి ఉదయమున వార్తాపత్రిక తెరచినచో పుట నిండ తపాలాబిళ్ళలంత ముఖములు, ఒక్కొక్క ముఖము క్రింద నొక అంకె. టీవీలో నొక కంఠము ఊపిరి తీయక ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని పఠించుచుండును. 1986లో ఎంసెట్టు ఆరంభమైన నాటినుండి ర్యాంకు అను మాట మన పెండ్లిచూపులలోను, పేరంటములలోను చొరబడి కులగోత్రముల సరసన కూర్చున్నది. నేడు ఆ పరీక్షకు రెండు తెలుగు రాష్ట్రములలోను పేరు మారినది గాని, ర్యాంకునకు మర్యాద తగ్గలేదు.

2019 నుండి జేఈఈ మెయిన్ పరీక్షలో పర్సంటైలు అను నొక కొత్త కొలత వచ్చినది. పెద్దలు పలువురు దీనిని నూటికి ఇన్ని మార్కులని భ్రమపడుదురు గాని, అది మార్కు కాదు. తొంబదియైదు పర్సంటైలు వచ్చెననగా, పరీక్ష వ్రాసిన ప్రతి నూర్గురిలో తొంబదియైదుగురు ఆ విద్యార్థికి సమముగనో, వెనుకనో నిలిచిరని మాత్రమే అర్థము. ఆ బాలుడెన్ని లెక్కలు చేసెను, భౌతికశాస్త్రమున నేది యెరుగును, ఏది యెరుగడు అను విషయమై ఆ అంకె నోరు విప్పదు. లక్షలమందికి పరిమితమైన సీట్లను పంచవలసిన ప్రభుత్వమునకు ఇట్టి కొలత అవసరమే; దానిని నేను తప్పుపట్టను. పంపకము కొరకు పుట్టిన కొలతను ఇంటికి తెచ్చుకొని, దానితో బిడ్డ బుద్ధిని, తుదకు తన పెంపకమును కొలుచుకొనుటయే చిక్కు.

అయినను, పోలికను అవగుణముగా మాత్రమే యెంచి నీతి బోధించుట తేలిక. అది యేల పుట్టునో తెలిసికొనుట మేలు. లియాన్ ఫెస్టింజర్ అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1954లో ప్రకటించిన యొక వ్యాసమున, ఈ విషయమును మొట్టమొదటగా సిద్ధాంతరూపమున నిలిపెను. తన శక్తియెంతయో, తన యభిప్రాయము సరియైనదో కాదో తెలిసికొనవలెనను తహతహ ప్రతి మనుష్యునకు సహజము. తూకమువేయుటకు రాయియు, కొలుచుటకు గజమును ఉన్నచోట మనుష్యుడు వానినే వాడును. అట్టి సాధనము లేనిచోట ప్రక్కవానినే కొలబద్దగా చేసికొనును. బియ్యపు బస్తా బరువెంతయో తెలిసికొనుటకు పొరుగింటి బస్తాతో పనిలేదు. కాని నేను మంచి తండ్రినా, నేను బ్రతుకులో నిలదొక్కుకొంటినా అను ప్రశ్నలకు త్రాసు ఏ అంగడిలోను దొరకదు గనుక, కన్ను తనంతట తానే గోడ దాటి పోవును. ఈ దృష్టితో చూచినచో పోలిక మన దుర్బుద్ధికంటె మన అజ్ఞానమునుండి పుట్టినదని తెలియును. కొలబద్ద దొరకని చోటనే అది పెచ్చుమీరును. ఈ మాట మరల అవసరపడును గనుక పాఠకులు దీనిని కొంచెము గుర్తుంచుకొందురు గాక.

ఫెస్టింజరు చెప్పిన రెండవ విషయము మరియు సూక్ష్మమైనది. మనుష్యుడు అందరితోను పోల్చుకొనడు. తనకు దగ్గరివానితోనే పోల్చుకొనును, భేదము మితిమీరిన కొలది పోలిక దానంతటదే సన్నగిల్లును. గుమాస్తా కోటీశ్వరుని చూచి నిద్ర చెడగొట్టుకొనడు. తనతోపాటు చేరి తనకంటె ముందు ప్రమోషను పొందిన గుమాస్తాను చూచి చెడగొట్టుకొనును. సభాపర్వమున దుర్యోధనుడు దీనికి పరమోదాహరణము. ఆ కాలపు రాజులలో జరాసంధుని వంటి చక్రవర్తులుండగా ఎన్నడును కుందని ఆ మనసు, దాయాదుల రాజసూయమును చూచి కుంగిపోయెను. అందులోను ధర్మరాజు అతనికి అప్పగించిన పని రాజులు తెచ్చు కానుకలను స్వీకరించుట! పరుల వైభవమును దూరమునుండి చూచుట యొక యెత్తు. దానిని స్వహస్తములతో అందుకొని లెక్కించుట మరియొక యెత్తు. ఆ ధనమును అందుకొనలేక తన చేతులు సోలిపోయినవని అతడే తండ్రితో చెప్పుకొనెను. మంచి వస్త్రములు కట్టుచున్నావు, మృష్టాన్నము తినుచున్నావు, మేలుజాతి గుఱ్ఱముల నెక్కుచున్నావు, ఏల చిక్కిపోతివని ధృతరాష్ట్రుడు అడిగినపుడు, తిండికిని బట్టకును తృప్తిపడువాడు అల్పుడని కొడుకు బదులు చెప్పెను. తండ్రి పాండవులను ద్వేషింపవద్దని చక్కని హితవే చెప్పెను. కాని చెప్పిన నోటితోనే జూదమునకు సభ కట్టింపుమని ఆజ్ఞయిచ్చెను. హితబోధ యెంతటి బలహీనమైన ఔషధమో తెలుపుటకు ఇంతకంటె వేరు నిదర్శనమక్కరలేదు.

సమానులతోడి పోలిక యెట్లు పనిచేయునో పాఠశాలలలో పరిశోధించినవారు కలరు. హెర్బర్ట్ మార్ష్ అను విద్యామనస్తత్త్వవేత్తయు, అతని తోడివారును 1980ల నుండి చేసిన పరిశోధనలలో, సమానమైన ప్రతిభగల ఇద్దరు విద్యార్థులలో, ప్రతిభావంతులు క్రిక్కిరిసిన పాఠశాలలో చేరినవానికి తన చదువుపై తనకుగల నమ్మకము తక్కువగా నుండుననియు, సామాన్యమైన పాఠశాలలో నున్నవానికి ఎక్కువగా నుండుననియు తేలినది. పలుదేశములలో మరల మరల పరీక్షించినను ఇదే ఫలితము వచ్చినది. మన యెరుకలో దీనికి నిదర్శనములు కొల్లలు. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ప్రథముడుగా వెలిగిన పల్లెటూరి బాలుడు విజయవాడలోనో, హైదరాబాదులోనో యొక హాస్టలులో చేరును. అచ్చట తరగతులు ర్యాంకుల వారీగా విడదీయబడి యుండును. వారము వారము పరీక్ష, పరీక్ష పరీక్షకు గోడమీద జాబితా. జూన్ నెలలో అతడు చేయగలిగిన లెక్కలకంటె అక్టోబరులో రెట్టింపు లెక్కలు చేయగలిగియుండును. అయినను దసరా సెలవులకు ఇంటికి వచ్చి, "అమ్మా, నాకు చదువు రాదేమోనే" అనును. బుద్ధి పెరిగినది, ధైర్యము తరిగినది. ఈ రెండును ఒకేసారి జరుగగలవని తల్లిదండ్రులకు తెలియకపోవుటచేత, ఎన్ని యిండ్లలో ఆ మాటను సోమరితనమునకు సాకుగా త్రోసివేయుచున్నారో!

పోలికకు గెలుపుకూడ మందు కాదు. 1992 బార్సిలోనా ఒలింపిక్ క్రీడలలో పతకములు గెలిచినవారి ముఖములను వీడియో చిత్రములలో చూపించి, ఎవరెంత సంతోషముగా నున్నారో చూపరులచేత గుర్తింపజేసిన యొక పరిశోధన 1995లో వెలువడినది. రజతపతకము గెలిచినవారికంటె కాంస్యపతకము గెలిచినవారే ఎక్కువ సంతోషముగా కనబడిరి. రెండవవాని దృష్టి చేయిజారిన స్వర్ణముపై నిలుచును. మూడవవాని దృష్టి పతకమే లేక పోవలసిన నాలుగవ స్థానముపై నిలుచునని పరిశోధకులు దానికి కారణము చెప్పిరి. బ్యాడ్మింటన్ వంటి ఆటలలో మరియొక విశేషము కలదు. మన పి. వి. సింధు 2016లో రియో నగరమున రజతమును, 2021లో టోక్యోలో కాంస్యమును గెలిచినది. రజతము వచ్చిననాడు ఆమె చివరి ఆట ఓడినది, కాంస్యము వచ్చిననాడు చివరి ఆట గెలిచినది. ఆమె మనసులో నేమున్నదో మన కెరుకలేదు, ఊహించుటయు మర్యాద కాదు. కాని పతకముల విలువ ఒక వరుసలోను, అవి చేతికి వచ్చిన తీరు మరియొక వరుసలోను ఉండగలదని మాత్రము చెప్పవచ్చును.

ధనవిషయమునను ఇట్లే. రిచర్డ్ ఈస్టర్లిన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 1974లో, ఒక దేశమునందు ఒక కాలమున చూచినచో ధనికులు పేదలకంటె సుఖముగా నున్నామని చెప్పుదురు గాని, దేశమంతయు ఏండ్ల తరబడి ధనవంతమగుచున్నను మొత్తముమీద ప్రజల సుఖము ఆ ప్రకారము పెరుగుటలేదని చూపెను. దీనిపై వాదోపవాదములు నేటికిని ముగియలేదు. నన్నెక్కువ ఆకర్షించినది అమెరికాలో 1998లో ప్రకటింపబడిన మరియొక చిన్న పరిశోధన. ఇతరులు ఇరువదియైదువేల డాలర్లు సంపాదించు లోకమున నీకు ఏబదివేలు కావలెనా, ఇతరులు రెండులక్షలు సంపాదించు లోకమున నీకు లక్ష కావలెనా, ధరలు రెండుచోట్లను సమానమే అని యడుగగా, సుమారు సగముమంది ఏబదివేలే చాలుననిరి! అనగా, సగము సంపదను వదలుకొని పొరుగువానికంటె పైమెట్టున నిలుచుటకు ఇష్టపడిరి. కాని సెలవుదినముల విషయమున అదే ప్రశ్న వేసినపుడు ఎక్కువమంది ఆ వెఱ్ఱికి లోబడలేదు. ఇతరులకెన్ని సెలవులున్నను సరే, తమకు ఎక్కువ కావలెననిరి. ఈ భేదమునకు కారణము నాకు తోచినంతవరకు ఇది: ఇల్లు, కారు, నగలు వీధిలోనికి కనబడును, తీరిక కనబడదు. తీరికగా తిన్న అన్నమును, కంటినిండ పోయిన నిద్రను ఎవ్వరును గోడమీదనుండి తొంగిచూడరు గనుక, అవి పోలిక చెదలు పట్టక మిగిలినవి.

మిగిలినవి అంటిని గాని, అవియు నేడు మిగులుటలేదు. ఊరిలో నూరు గడపలున్న కాలమున, మనకు సరిపోల్చుకొనదగినవారు పదిమంది యుండెడివారు. ఆ పదిమంది కష్టసుఖములు రెండును మనకు తెలిసియుండెడివి. పెద్దమేడ కట్టినవాని యింట కోడలి కన్నీళ్ళను కూడ ఊరెరిగియుండెడిది. నేడు జేబులోని ఫోనులో బంధువుల వాట్సాప్ సమూహము తెరచినచో, డల్లాసులో పెదనాన్నగారి మనుమని గృహప్రవేశము, న్యూజెర్సీలో మేనకోడలి కారు, మాల్దీవులలో పినతండ్రి కొడుకు విహారము. ఆ యింటి అప్పు వాయిదాలు ముప్పది యేండ్లని, మేనకోడలికి వీసా దిగులుతో నిద్రపట్టుటలేదని ఆ చిత్రములలో నుండదు. ఎవరును అబద్ధము చెప్పుటలేదు. ఏరి పంపుచున్నారు, అంతే. మనమును పంపునపుడు ఏరియే పంపుదుము. అందరును ఏరి పంపిన వానిని ఒకచోట కుప్పపోసి, ఏరని తన బ్రతుకును దాని ప్రక్కన నిలిపి చూచుకొన్నవానికి చిన్నతనము కాక మరేమి కలుగును? పులిని చూచి నక్క వాతపెట్టుకొన్నదని మనవారు సామెత చెప్పిరి; ఆ నక్క కనీసము నిజమైన పులిని చూచినది.

ఇక దీనినుండి తప్పించుకొను మార్గమేది? మరల భారతమునకే పోవలసి యున్నది. ఆదిపర్వమున అర్జునుడు ఒక రాత్రి భోజనము చేయుచుండగా గాలికి దీపమారిపోయెను. చీకటిలోను చేయి తప్పక నోటికే పోవుచుండుట గమనించి, అభ్యాసమున్నచో కంటితో పనిలేదని తెలిసికొని, అతడు రాత్రులందు వింటి సాధనకు పూనుకొనెను. ఆ చీకటిలో భీముడు లేడు, దుర్యోధనుడు లేడు, ఎవరి బాణమెక్కడ తగిలినదో చూచుటకు వీలు లేదు. తనకును వింటికిని నడుమ మూడవవారు లేరు. ఆ సాధనయే అర్జునుని అర్జునుని చేసినది. ఇంతవరకు కథ అందరికిని తెలిసినదే. దాని వెంటనే వచ్చు ఘట్టమును మాత్రము దీనితో కలిపి చదువువారు తక్కువ. రాత్రివేళ అల్లెత్రాటి చప్పుడు విన్న ద్రోణుడు లేచి వచ్చి, శిష్యుని కౌగిలించుకొని, లోకమున నీకు సమానుడైన విలుకాడు లేకుండునట్లు చేసెదనని మాటయిచ్చెను. ఎంతటి మెచ్చుకోలు! కాని ఆ మెచ్చుకోలు అర్జునుని చీకటిలోనుండి వెలుతురులోనికి లాగుకొనివచ్చినది. నీవు మొన్నటికంటె బాగుగా వేయుచున్నావని గురువు చెప్పలేదు, నీకు సమానుడుండడని చెప్పెను. అది మొదలు అర్జునునకు వింటితోపాటు మరియొక బరువు మోయవలసి వచ్చెను. అడవిలో ఏకలవ్యుని నేర్పు కంటబడిన దినమున, అంతటి సాధకుడు వాని బాణప్రయోగపు మర్మమును అడిగి తెలిసికొనుటకు మారుగా, గురువు కడకు పోయి, మీరిచ్చిన మాట యేమైనదని నిష్ఠురమాడెను. దాని ఫలితముగా తెగిపడిన బొటనవ్రేలు ఎవరిదో చెప్పనక్కరలేదు.

పిల్లలను నిందించునపుడు పోల్చరాదని నేడు చాలమంది తల్లిదండ్రులు ఒప్పుకొందురు. పొగడునపుడు పోల్చుట కూడ అదే జాతిదని ఒప్పుకొనువారు అరుదు. "మా అమ్మాయిని మించినవాళ్ళు ఆ స్కూల్లో లేరండీ" అని బిడ్డ యెదుట చెప్పు తల్లి, రాబోవు ఏకలవ్యుని చూచి బిడ్డ యెట్లు వెలవెలబోవలెనో ముందుగనే నేర్పుచున్నది. బౌద్ధులు ఈ సంగతిని మనకంటె నిశితముగా పరిశీలించిరి. పాలీ గ్రంథములలో మానము అను చిత్తమాలిన్యమునకు మూడు రూపములు చెప్పబడినవి: నేను అధికుడను అనుకొనుట, నేను హీనుడను అనుకొనుట, నేను సమానుడను అనుకొనుట. మొదటి రెండును సరే. మూడవదియు దోషమే యనుట చూచితిరా? కొలబద్ద చేతపట్టుకొన్న తరువాత కొలత యెట్లు తేలినను బంధనమేయని వారి భావము. అర్హతుడు, అనగా సంపూర్ణముగా విముక్తుడు, అగువరకు ఈ మానము పూర్తిగా తొలగదనియు వారే చెప్పిరి. సంసారులమైన మనకు ఇది యొక యూరట. పతంజలి మరియొక దారి చూపెను. చిత్తము తేటపడవలెనన్నచో సుఖముగా నున్నవారియెడ మైత్రిని భావింపవలెనని యోగసూత్రములలో చెప్పెను. ఆ మైత్రివలన ఈర్ష్య యను మురికి పోవునని వ్యాఖ్యాత వాచస్పతిమిశ్రుడు వివరించెను. దుఃఖితులయెడ కరుణ చూపుట మనకు వచ్చును. సుఖవంతులయెడ స్నేహము చూపుటకు అభ్యాసము కావలెనని గ్రహించుట ఆ మహర్షి లోకజ్ఞతకు గురుతు.

ఇచ్చట నొక హెచ్చరిక చేయక తప్పదు. తృప్తిగా నుండుము, ఇతరులతో పోల్చుకొనకుము అను బోధ తరచుగా పైమెట్టున కూర్చున్నవాని నోటినుండియే క్రింది మెట్టువానికి వినబడుచుండును. ఒకే చేలో ఒకే యెండలో ఒకే పని చేసి, మగవానికంటె తక్కువ కూలి పుచ్చుకొను స్త్రీ, ఆ రెండు కూలులను పోల్చి చూచుకొనక పోయినచో తనకు జరుగుచున్న అన్యాయమును ఎన్నటికిని తెలిసికొనలేదు. అట్టి పోలికనుండియే 1976 నాటి సమాన వేతన చట్టము వంటివి పుట్టినవి. ఆమెది ఈర్ష్య కాదు, లెక్క. అతనికేల వచ్చినదని యేడ్చుట వేరు, నాకేల రాలేదని నిలదీయుట వేరు. మొదటిది వాని పతనముతో చల్లబడును, రెండవది తన హక్కుతో గాని చల్లబడదు. ఈ వ్యాసము మొదటిదానిని గూర్చినది మాత్రమే.

తనకంటె పైనున్నవారిని చూచుటయు సర్వదా చేటు కాదు. 1997లో కెనడా దేశపు పరిశోధకులు లాక్‌వుడ్, కుందా యనువారు, కళాశాలలో అఖండవిజయము పొందిన యొక చివరి సంవత్సరపు విద్యార్థిని గూర్చిన వృత్తాంతమును విద్యార్థులచేత చదివించిరి. మొదటి సంవత్సరమువారు దానిని చదివి ఉత్సాహము పొందిరి. తామును చివరి సంవత్సరమున నున్నవారు పొందలేదు. మొదటివారికి ఇంకను కాలమున్నది, దారి కనబడుచున్నది. రెండవవారికి అదే కథ గడచిపోయిన అవకాశముల పట్టికయైనది. మహాపురుషుల జీవితములను పిల్లలకు చెప్పువారు దీనిని గమనింపవలెను. మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున పుట్టి, మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి మూడవసారి నెగ్గి, మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించిన కారణమున ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రుడై ఎల్. ఎం. ఎస్. అను తక్కువ పట్టముతో బయటపడి, 1923లో అమెరికా చేరి, హార్వర్డులో రక్తమూత్రములలోని ఫాస్ఫరసును కొలుచు విధానమును సహశాస్త్రజ్ఞుడగు ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించి, తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లము, మెథోట్రెక్సేటు, బోదకాలు వ్యాధికి హెట్రజాను వంటి మందుల సృష్టికి మూలపురుషుడయ్యెను. ఈ కథను సభలలో చెప్పి, చూచితిరా, తప్పినవాడే గొప్పవాడయ్యెనని ముగించుట పరిపాటి. అట్లు ముగించినచో, తప్పిన బాలునకు మరియొక పొరుగువానిని తెచ్చి తలపై కూర్చుండబెట్టినట్లే యగును. వాడు రెండుసార్లు తప్పి మందు కనిపెట్టెను, నీవు రెండుసార్లు తప్పి యేమి చేసితివను ప్రశ్న వెన్నంటియే వచ్చును. ఆ జీవితమునుండి గ్రహింపదగినది వేరొకటి కలదు. అతడు తుదివరకు తనను గూర్చిన ప్రచారమును వెదకలేదు. పరీక్షనాళికలోని పదార్థము శుద్ధముగా వచ్చినదా లేదా అనునదే అతని కొలత. అది హార్వర్డులోను ఒకటే, లెడర్లీలోను ఒకటే.

కొలబద్ద దొరకనిచోట పోలిక పెచ్చుమీరునని పైన చెప్పితిని. అట్లయినచో, పోలికను మానుమని మనసును గద్దించుటకంటె, పనిలోనే యొక కొలబద్దను సంపాదించుకొనుట సులువు. ఈ రహస్యము మన సంగీతగురువులకు తరతరములుగా తెలియును. పురందరదాసు ఏర్పరచెనని చెప్పబడు పాఠక్రమమున, పిల్ల మొదట మాయామాళవగౌళ రాగమున సరళీవరుసలు ఆదితాళములో మొదటి కాలమున పాడును. అది కుదిరిన పిదప రెండవ కాలమున, పిదప మూడవ కాలమున. స్వరము శ్రుతిలో కలిసినదా, వరుస తాళములో పడినదా అను రెండు ప్రశ్నలకు తంబూరయు చేతివేళ్ళును అప్పటికప్పుడే సమాధానము చెప్పును. ప్రక్కపిల్ల మూడవ కాలమునకు పోయిన మాట తాళమునకు పట్టదు. ఈ పిల్ల రెండవ కాలమున తడబడుచున్నచో గురువు మరల మొదటి కాలమునకే త్రిప్పును. "తొందరేమీ లేదమ్మా, ఇంకోసారి" అనును. పోటీలు, బహుమతులు, టీవీ కార్యక్రమములు తరువాత వచ్చును, రావచ్చును. పునాది మాత్రము మూడవవారు లేని చోట పడినది. ఇతర విద్యలకును ఇట్టి కొలతలు వెదకినచో దొరకును. వంట నేర్చుకొనువానికి పప్పు పదునున ఉడుకుట, వడ్రంగికి కీలు బిగియుట, ఆంగ్లము నేర్చుకొనువానికి నిఘంటువు తెరువక చదివిన పుటల లెక్క. ఇవి చిన్నవే, కాని అబద్ధమాడవు.

మరియొక కొలబద్ద తన గతమే. స్టూవర్ట్ ఆల్బర్ట్ అను పండితుడు 1977లో, ఫెస్టింజరు ఇతరులను గూర్చి చెప్పినదానిని కాలమునకు అన్వయించి, మనుష్యుడు తన నేటిని తన నిన్నతో పోల్చుకొను తీరును చర్చించెను. వినుటకు ఇది సులభము, ఆచరణమున ఒక చిక్కు కలదు: పొరుగువాడు ఎల్లప్పుడు కంటికెదురుగా నుండును, గతము ఉండదు. ఆరునెలల క్రిందట తానెట్లు వ్రాసెడివాడో, ఎంతదూరము నడువగలిగెడివాడో, ఏ లెక్కయొద్ద ఆగిపోయెడివాడో ఎవనికిని సరిగా జ్ఞప్తియుండదు. నేర్చుకొన్నది నిన్ననే పుట్టుకతో వచ్చినట్లు తోచి, నేర్వనిది మాత్రమే కొండవలె కనబడును. కావున గతమును ఎక్కడనైన దాచియుంచవలెను. పాఠశాలకు పోవు పిల్లలున్న ఇండ్లలో జూన్ నెల నోటుపుస్తకములను పాతకాగితములవానికి వేయక మార్చివరకు ఉంచినచో చాలు. దస్తూరి, లెక్కలు, తప్పులు అన్నియు అందులోనే యుండును. పెద్దలకు ఒక చౌకరకపు పుస్తకము, వారమునకు నాలుగు పంక్తులు: ఏమి చేసితిని, ఎక్కడ ఆగితిని. ప్రతిదినము త్రిప్పిచూచుకొనరాదు, మొక్కను పెరికి వేరు చూచినట్లగును. రెండుమూడు నెలలకొకసారి చూచిన చాలును. కొన్ని మాసములలో వెనుకబడియుందుము, దానినిగూడ వ్రాసికొనవలసినదే. ఆ పుస్తకమును ఎవ్వరికిని చూపనక్కరలేదు. చూపినచో మర్యాదకైన వారిది కూడ ఒకటి చూడవలసి వచ్చును.